సంతకం ఎవరిదో ముందు కనుక్కోండి

పదహారేళ్లు ఒక నగర కౌన్సిల్‌లో మినిట్స్ రాశాను. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఓటింగ్‌లో ఎవరు ఎటు నిలబడ్డారు, ఇవన్నీ తప్పు పోకుండా కాగితం మీదికి ఎక్కించడమే నా ఉద్యోగం. నోరు మాత్రం విప్పకూడదు. ఆ కుర్చీలో కూర్చుని చూసినవాటిలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. గ్యాలరీలోకి కోపంగా వచ్చినవాళ్లు చాలాసార్లు ఆ పనితో సంబంధం లేని మనిషిని నిలదీసి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు.

ఒకావిడ బాగా గుర్తున్నారు. వాన పడితే చాలు, వాళ్ల వీధి చివరి కాలువ పొంగి నీళ్లు బడి గేటు దాకా వచ్చేవి. ఫోటోలు తీసుకుని, వీధిలో అందరి సంతకాలూ పెట్టించుకుని మూడు సమావేశాలకు వచ్చారు. మూడుసార్లూ మేయర్‌నే అడిగారు. ఆయన మూడుసార్లూ చూస్తామన్నారు. నేను మూడుసార్లూ ‘పరిశీలిస్తామని మేయర్ హామీ ఇచ్చారు’ అని రాశాను. నిజానికి ఆ కాలువ కౌన్సిల్ కిందికి రాదు. నీళ్లు, మురుగు చూసుకునే బోర్డు వేరే ఉంది. దాని పాలకవర్గాన్ని వేసేది పై ప్రభుత్వం. ఈ సంగతి ఆ హాల్లో సగం మందికి తెలుసు, ఒక్కరూ చెప్పలేదు. నాకూ తెలుసు. ఆవిడకు తొమ్మిది నెలలు వృథా అయ్యాయి.

అందుకే ఎవరు సలహా అడిగినా నేను ముందు రెండు ప్రశ్నలు ఇస్తాను. ఈ నిర్ణయం మీద సంతకం ఎవరిది? ఆ సంతకం పెట్టినవాళ్లను తీసెయ్యగలిగేది ఎవరు? ఈ రెండింటికీ జవాబు దొరికాకే గొంతెత్తండి.

మీ నగరం ఏ తరహాదో చూసుకోండి

అన్ని నగరాల్లోనూ మేయర్ ఉంటారు, కౌన్సిల్ ఉంటుంది, బిల్డింగ్ మీద జెండా ఉంటుంది. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల అధికారం కూర్చునే కుర్చీ మాత్రం ఊరికో చోట ఉంటుంది. దాన్ని తెలుసుకోవాలంటే నగరానికి పునాది అయిన చట్టం చూడాలి. కొన్ని దేశాల్లో దాన్ని చార్టర్ అంటారు, కొన్నిచోట్ల మున్సిపల్ చట్టం అంటారు. మొత్తం చదవక్కర్లేదు. ‘కార్యనిర్వాహక అధికారం’ ఎవరిదని రాసి ఉందో ఆ సెక్షన్ వెతకండి. అధికారుల నియామకం, తొలగింపు గురించి చెప్పే సెక్షన్ కూడా చదవండి. అరగంట పని.

న్యూయార్క్ లాంటి చోట మేయర్ బలవంతుడు. విభాగాల అధిపతులను ఆయనే నియమిస్తారు, బడ్జెట్ ఆయనే తయారుచేసి పంపుతారు. 51 మంది సభ్యుల కౌన్సిల్ దాన్ని మార్చి ఆమోదిస్తుంది, చట్టాలు చేస్తుంది. లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్‌ను కూడా జనమే వేరుగా ఎన్నుకుంటారు. ఇలాంటి నగరంలో చెత్త ఎత్తకపోతే మేయర్‌ను అడగడం సరైన పనే.

ఇంకో తరహాలో కౌన్సిల్ ఒక మేనేజర్‌ను జీతానికి పెట్టుకుంటుంది. అమెరికాలోని డేటన్ నగరాన్ని 1913 మార్చిలో వరద ముంచేసింది. ఆ మరుసటి ఏడాదే ఆ ఊరు ఈ పద్ధతికి మారింది. పెద్ద నగరాల్లో ఇలా మారిన మొదటిది అదే. ఇక్కడ మేయర్ సాధారణంగా సభకు అధ్యక్షత వహిస్తారు, అందరిలాగే ఒక ఓటు వేస్తారు. రోజువారీ పాలన మేనేజర్‌ది. మేనేజర్‌ను తీసెయ్యాలంటే చాలాచోట్ల కౌన్సిల్‌లో మెజారిటీ ఉంటే చాలు. కాబట్టి మేనేజర్ మీద అరిచి లాభం లేదు, ఆయన మీ ఓటుతో రాలేదు. మీ కౌన్సిల్ సభ్యుడి దగ్గరికి వెళ్లి ఇలా అడగండి: ‘మీరు పెట్టిన మేనేజర్ పనితీరు మీద చివరిసారి సమీక్ష ఎప్పుడు చేశారు? అందులో ఈ విషయం ఉందా?’ ఈ ప్రశ్న పడగానే సభ్యులు కుర్చీలో సర్దుకుని కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

మూడో తరహా కమిషన్ పద్ధతి. 1900లో తుపాను అమెరికాలోని గాల్వెస్టన్ నగరాన్ని నేలమట్టం చేసింది. కొన్ని వేల మంది చనిపోయారు. ఊరిని మళ్లీ కట్టడానికి 1901లో కొద్దిమంది కమిషనర్లతో పాలన పెట్టారు. ఒక్కో కమిషనర్‌కు ఒక్కో శాఖ. చట్టం చేసేదీ వాళ్లే, అమలు చేసేదీ వాళ్లే. పని చకచకా సాగుతుంది. కానీ నా శాఖ జోలికి నువ్వు రాకు, నీ శాఖ జోలికి నేను రాను అనే ఒప్పందం ఎవరూ చెప్పకుండానే కుదిరిపోతుంది. ఎవరి తప్పును ఎవరూ అడగరు. గాల్వెస్టన్ కూడా 1960లో మేనేజర్ పద్ధతికి మారిపోయింది. వందేళ్లకు పైగా ఈ కమిషన్ పద్ధతి నడిపిన, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌లో 2022లో ఓటర్లు దాన్ని వద్దన్నారు. 2025 నుంచి అక్కడ 12 మందితో కొత్త కౌన్సిల్ నడుస్తోంది.

బ్రిటన్‌లో చాలా నగరాల్లో కౌన్సిల్ లోపలే ఒక చిన్న మంత్రివర్గం ఉంటుంది. దాన్ని ప్రశ్నించడానికి, అందులో లేని సభ్యులతో స్క్రూటినీ కమిటీలు ఉంటాయి. అలాంటిచోట మీ ప్రశ్న పెద్ద సభ కంటే ఆ కమిటీకి పంపితే ఎక్కువ పని చేస్తుంది. భారతదేశంలో చాలా కార్పొరేషన్లలో మేయర్ సభ నడుపుతారు, కార్యనిర్వాహక అధికారం మాత్రం రాష్ట్ర ప్రభుత్వం పంపే కమిషనర్‌ది. కమిషనర్‌ను బదిలీ చేసే చెయ్యి కౌన్సిల్‌ది కాదని అర్థమైతే, ఏ ఫిర్యాదు కార్పొరేటర్‌కు ఇవ్వాలో, ఏది శాసనసభ్యుడికి ఇవ్వాలో తెలిసిపోతుంది.

హాలు బయట ఉన్న బోర్డులు

నీళ్లు, బస్సులు, పోలీసు, బడులు, పట్టణాభివృద్ధి. వీటిలో ఎన్ని మీ కౌన్సిల్ కింద ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. చాలా నగరాల్లో సగం కూడా ఉండవు. ఒక్కో పని పక్కన మూడు మాటలు రాయండి: ఎవరు నడుపుతారు, పాలకవర్గాన్ని ఎవరు వేస్తారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. ఒకే పేజీ అవుతుంది. ఆ పేజీ మీ దగ్గర ఉంటే, ‘అది మా పరిధిలో లేదండీ’ అన్నవాళ్లను ‘మరి ఎవరి పరిధిలో ఉందో రాసివ్వండి’ అని వెంటనే అడగగలరు.

మీ సభ్యుడు ఎక్కడి నుంచి గెలిచాడు?

వార్డు వారీగా ఎన్నిక జరిగే చోట మీ వీధికి ఒక మనిషి దొరుకుతాడు. కానీ ఊరంతటికీ పనికొచ్చే పని మీద అతనికి శ్రద్ధ తగ్గొచ్చు. నగరం మొత్తం ఒకే నియోజకవర్గంగా ఎన్నుకునే చోట దీనికి ఎదురు సమస్య వస్తుంది. సభ్యులందరూ అందరికీ బాధ్యులే, అంటే మీ వీధికి ప్రత్యేకంగా ఎవరూ బాధ్యులు కారు. పైగా బలహీన వర్గాల పేటలకు ఒక్క సీటు కూడా రాకపోవచ్చు. అమెరికాలోని ఆస్టిన్ ఓటర్లు 2012లో ఈ పద్ధతిని మార్చుకున్నారు. 2014 నుంచి అక్కడ పది జిల్లాలకు పదిమంది, ఊరంతా కలిసి ఎన్నుకునే మేయర్ ఒకరు. సియాటిల్ రెండూ కలిపింది: ఏడు జిల్లాల సీట్లు, రెండు ఊరంతటివి. నన్నడిగితే సియాటిల్ దారే మేలు. మీ నగరంలో ఏది ఉన్నా, మీ సభ్యుడికి ఎన్ని ఓట్లు వచ్చాయో, ఎంత తేడాతో గెలిచాడో చూసి పెట్టుకోండి. 200 ఓట్ల తేడాతో గెలిచిన సభ్యుడు 60 సంతకాల కాగితాన్ని పక్కన పడెయ్యలేడు.

అజెండా చదవడం నేర్చుకోండి

ఇది నేను పదహారేళ్లు చేసిన పని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. నగరం తలరాత మారేది ఉపన్యాసాల్లో కాదు, అజెండాలో.

సమావేశానికి కొన్ని రోజుల ముందు అజెండా బయటపెట్టాలని చాలా దేశాల్లో చట్టమే ఉంది. దాన్ని తెచ్చుకోండి. ముందు చివరి పేజీలు చూడండి. మొదటి పేజీల్లో సంతాపాలు, సన్మానాలు, అందరికీ ఇష్టమైన విషయాలు ఉంటాయి. డబ్బు వెనక ఉంటుంది.

మూడు చోట్ల ఆగి చదవాలి. చిన్నాచితకా విషయాలని చెప్పి 20, 30 అంశాలను కలిపి ఒకే ఓటుతో ఆమోదించే పట్టీ ఒకటి ఉంటుంది. ఒకరోజు 43 అంశాలు 11 నిమిషాల్లో పాసవడం నేను గడియారం చూసి రాసుకున్నాను. వాటిలో ఒకటి పదేళ్ల పార్కింగ్ కాంట్రాక్టు. ఆ పట్టీలోంచి ఒక అంశాన్ని విడదీసి చర్చకు పెట్టమని అడిగే హక్కు సభ్యుడికి సాధారణంగా ఉంటుంది. ముందురోజే మీ సభ్యుడికి ఫోన్ చేసి అంశం నంబర్ చెప్పి విడదీయమనండి. ఒక్క ఫోన్ కాల్‌తో జరిగే పని ఇది.

టేబుల్ అజెండా రెండోది. ముందు పంచకుండా, సభ మొదలయ్యాక బల్ల మీద పెట్టే కాగితాలు ఇవి. నిజమైన అత్యవసరాలకు ఇది కావాలి, కాదనను. కానీ ఆ కాగితం మీద అత్యవసరానికి కారణం రాసి ఉందా? లేకపోతే వచ్చే సమావేశానికి వాయిదా వెయ్యమని అడిగించండి.

జరిగిపోయిన ఖర్చుకు తర్వాత తీసుకునే ఆమోదం మూడోది. ‘ఇప్పటికే చేపట్టిన పనికి ఆమోదం కోరడమైనది’ అనే వాక్యం కనిపిస్తే అక్కడ వేలు పెట్టండి. ఎవరి అనుమతితో మొదలుపెట్టారు, ఏ తేదీన, ఏ నిబంధన కింద?

ఇక ఓటింగ్. ‘అందరూ ఒప్పుకున్నట్టేనా? ఒప్పుకున్నట్టే’ అని అధ్యక్షులు బల్ల మీద తడితే నేను ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాయాల్సిందే. హాల్లో ఇద్దరు తల అడ్డంగా ఊపినా, ఒకరు ఫోన్ మాట్లాడుతూ బయట ఉన్నా ఆ వాక్యం మారదు. ఏ సభ్యుడైనా లేచి పేరుపేరునా ఓటింగ్ అడిగితే, అప్పుడు ఒక్కొక్కరి పేరు ఎదురుగా అవును, కాదు అని రాస్తాను. ఎన్నికలప్పుడు మీ చేతిలో ఉండాల్సిన కాగితం అదే. ముఖ్యమైన ప్రతి విషయంలోనూ పేరుపేరునా ఓటింగ్ కోసం పట్టుబట్టే సభ్యుడిని ఒక్కరినైనా సంపాదించుకోండి. ఎవరు ఎలా ఓటేశారో తెలియకపోతే ఎవరిని నిలబెట్టాలో, ఎవరిని దింపాలో తెలియదు.

ఎవరూ చూడకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని బెల్ చూపించింది. అప్పట్లో 35 వేలకు పైగా జనం ఉన్న చిన్న ఊరు, పేదలు ఎక్కువ. 2005లో చార్టర్ నగరంగా, అంటే రాష్ట్ర సాధారణ చట్టం బదులు సొంత చార్టర్‌తో నడిచే నగరంగా మారాలా అని ప్రత్యేక ఎన్నిక పెట్టారు. 400 మంది కూడా ఓటు వెయ్యలేదు. ఆ మార్పుతో కౌన్సిల్ సభ్యుల జీతాల మీద రాష్ట్ర చట్టం పెట్టిన పరిమితి వాళ్లకు వర్తించకుండా పోయింది. 2010లో పత్రికలు రికార్డులు అడిగి బయటపెట్టేసరికి సిటీ మేనేజర్ జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు. పార్ట్ టైమ్ కౌన్సిల్ సభ్యుల్లో చాలామందికి లక్ష డాలర్ల దాకా. అందులో ఎక్కువ భాగం, కొన్ని నిమిషాలు మాత్రమే జరిగే, కొన్నిసార్లు అసలు జరగని బోర్డు సమావేశాల పేరు మీద తీసుకున్నదే. జనం 2011 మార్చిలో ఓటుతో వాళ్లను దింపేశారు, మేనేజర్‌కు 12 ఏళ్ల జైలు పడింది. నేను మాత్రం ఆ 2005 ఎన్నిక దగ్గరే ఆగిపోతాను. ప్రశ్న బ్యాలెట్ మీద అచ్చయ్యే ఉంది. చదివినవాళ్లు తక్కువ. ఆ బోర్డుల సమావేశాలకు ఒక్క మనిషి వెళ్లి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అని రాసుకున్నా ఇది బయటపడటానికి ఐదేళ్లు పట్టేది కాదు.

బడ్జెట్‌లో ఒక్క పద్దు పట్టుకోండి

బడ్జెట్ పుస్తకం లావు చూసి టెన్షన్ పడకండి. అంతా చదవాలనుకుంటే పదో పేజీలో వదిలేస్తారు. మీకు సంబంధించిన ఒక్క పద్దు తీసుకోండి, కాలువల నిర్వహణ అనుకోండి. దాని ఎదురుగా సాధారణంగా మూడు అంకెలుంటాయి: పోయిన ఏడాది నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. మూడేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టండి. ఏటా అంచనా 100, ఖర్చు 35 అని కనిపిస్తే, డబ్బు లేదన్న మాటను వెంటనే నమ్మకండి. మిగతా 65 ఖర్చే కాలేదా, వేరే పద్దులోకి మళ్లిందా అని అడగండి. ఎంత మళ్లించాలన్నా దానికీ ఎవరిదో ఒక సంతకం కావాలి.

అసలు డబ్బు ఎక్కడ పెట్టాలో జనమే చెప్పే పద్ధతి కూడా ఉంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రేలో 1989లో మొదలైంది. పేటల వారీగా సభలు పెట్టి, కొత్త పనుల మీద ఖర్చులో ప్రాధాన్యాలు ఓటుతో నిర్ణయించుకున్నారు. తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మీ నగరంలో అలాంటిది ఉంటే తప్పకుండా వెళ్లండి. అయితే అక్కడ ఓటు వేసే మొత్తం, నగరం బడ్జెట్‌లో ఎంత భాగమో కూడా చూడండి. కొన్నిచోట్ల చాలా చిన్న ముక్క మాత్రమే ఇస్తారు.

లెక్కల తనిఖీ సంగతి. ఇంగ్లండ్‌లో ఏటా 30 పని దినాల పాటు స్థానిక సంస్థ లెక్కలు, బిల్లులు, కాంట్రాక్టులు చూసే హక్కు జనానికి ఉంది, ఓటర్లు ఆడిటర్‌కు అభ్యంతరం కూడా పెట్టొచ్చు. జపాన్‌లో అయితే నగరం డబ్బు అక్రమంగా ఖర్చయిందని ఒక్క నివాసి అడిగినా ఆడిట్ అధికారులు విచారించాలి. మీ చట్టంలో ఏముందో వెతకండి, తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ గడువు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చాలామంది గమనించరు.

పైనుంచి లాక్కునేవాళ్లు

నగర కౌన్సిల్ ఎంత బాగా నడిచినా దాన్ని సృష్టించింది పై ప్రభుత్వ చట్టమే. టొరంటోలో 2018లో ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే ప్రావిన్సు ప్రభుత్వం సభ్యుల సంఖ్యను 47 నుంచి 25కి తగ్గించింది. 2021లో కెనడా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ చట్టం చెల్లుతుందంది. ముంబై కార్పొరేషన్ గడువు 2022 మార్చిలో ముగిసింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా కార్పొరేటర్లు లేకుండా అడ్మినిస్ట్రేటర్ పాలనే సాగింది. నగర పాలక సంస్థలకు ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది.

ఫ్లింట్ గురించి రాయకుండా ఉండలేను. అప్పుల్లో కూరుకుపోయిన ఆ నగరాన్ని మిషిగన్ రాష్ట్రం ఎమర్జెన్సీ మేనేజర్ చేతికిచ్చింది. 2014 ఏప్రిల్‌లో తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చారు. గొట్టాలు తినెయ్యకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది. జనం సీసాల్లో గోధుమరంగు నీళ్లు పట్టుకుని సభలకు వచ్చారు. 2015 మార్చిలో కౌన్సిల్ 7–1 ఓట్లతో పాత నీటికి మారిపోదామంది. ఎమర్జెన్సీ మేనేజర్ కుదరదన్నారు. ఆయన్ను నియమించింది రాష్ట్రం. ఫ్లింట్ ఓటర్లకు ఆయన్ను దింపే దారి లేదు. అక్టోబరు దాకా, మరో ఏడు నెలలు, పిల్లలు ఆ నీళ్లే తాగారు. ఆ 7–1 ఓటింగ్‌ను కూడా నాలాంటి ఒక గుమాస్తా మినిట్స్‌లో రాసే ఉంటారు.

కాబట్టి మీ నగరానికి అడ్మినిస్ట్రేటర్ వచ్చారని వింటే వెంటనే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఏ చట్టం కింద, ఏ తేదీ వరకు, ఆయన నిర్ణయాల మీద అప్పీలు ఎక్కడ? ఆ తర్వాత మీ ఒత్తిడి కౌన్సిల్ హాల్లో కాకుండా ఆయన్ను పంపినవాళ్ల గడప దగ్గర ఉండాలి.

మధ్యలో దింపే దారి

కొన్నిచోట్ల పదవీకాలం పూర్తయ్యే దాకా ఆగక్కర్లేదు. లాస్ ఏంజిలెస్ 1903లోనే రీకాల్‌ను, అంటే గెలిచినవాళ్లను ఓటర్లే మధ్యలో దింపే పద్ధతిని, చార్టర్‌లో పెట్టుకుంది, మరుసటి ఏడాదే ఒక సభ్యుడిని దింపింది. జపాన్‌లో తగినన్ని సంతకాలతో కౌన్సిల్ మొత్తాన్నీ రద్దుకు పెట్టొచ్చు. నగోయాలో 2011 ఫిబ్రవరిలో అలాగే ఓటు వేసి కౌన్సిల్‌ను రద్దు చేశారు. ఆ ఉద్యమం నడిపింది మాత్రం కౌన్సిల్‌తో గొడవపడుతున్న మేయరే. అందుకే సంతకం పెట్టేముందు కాగితం పట్టుకొచ్చింది ఎవరో చూడండి.

మైకు దగ్గర

మీకు ఇచ్చేది సాధారణంగా రెండు, మూడు నిమిషాలు. బాధంతా చెప్పుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ మినిట్స్‌లో మీ బాధ ఎక్కదు, మీ ప్రశ్న ఎక్కుతుంది. అంశం నంబర్ చెప్పండి, జరిగింది రెండు వాక్యాల్లో చెప్పండి, అవునో కాదో అని తేలే ఒకే ప్రశ్న అడగండి. ‘నా ప్రశ్న, దానికిచ్చిన జవాబు మినిట్స్‌లో నమోదు చెయ్యమని కోరుతున్నాను’ అని ముగించండి. రాసి తెచ్చుకున్న కాగితం ఒక కాపీ మినిట్స్ రాసేవాళ్లకు ఇవ్వండి. అలా ఇచ్చినవాళ్ల మాట ఒక్క అక్షరం పోకుండా ఎక్కించేదాన్ని. తర్వాతి సమావేశంలో పాత మినిట్స్ ఆమోదించేటప్పుడు మీ మాట అందులో ఉందో లేదో తప్పక చూడండి. సులభంగా దిద్దించుకునే అవకాశం ఆ రోజే.

కాలువ ఆవిడ నాలుగోసారి వచ్చినప్పుడు నేను సభ అయ్యాక కారిడార్‌లో ఆగి, బోర్డు పేరు, దాని సమావేశం ఎప్పుడో ఒక చీటీ మీద రాసిచ్చాను. ఆ తర్వాత ఆవిడ బోర్డు సమావేశానికి రెండుసార్లు వెళ్లారట, మా కౌన్సిల్‌తో బోర్డుకు ఒక లేఖ కూడా రాయించారు. ఆ లేఖ పంపాలన్న తీర్మానం నేనే రాశాను, పేరుపేరునా ఓటింగ్‌తో. వానాకాలానికి ముందు కాలువ తవ్వారు. పని పూర్తయినట్టు బోర్డు ఇచ్చిన కాగితం జిరాక్స్ తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టి, కింద సంతకం ఎవరిదో చూపించారు.